ఇసుక మాస్టారికి చెప్పాల్సిన మాట

ఆ కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు కడిగి, ఆవిరిపెట్టెలో శుద్ధి చేసి, ట్రేలో సర్దే మనిషిని అందరూ పెద్దమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. డాక్టరు చేతికి వెళ్లేదేదైనా ముందు తన చేతి మీదుగానే వెళ్తుందని ఆవిడకు కొంచెం పొగరు. అది ఉత్త పొగరేం కాదు, సూది మొన వెంట్రుకంత వంగినా వేలితో తడిమి చెప్పేస్తుంది.

శుక్లం తీయించుకున్నవాళ్లలో ఎవరో ఒకరు వచ్చి కంట్లో ఇసుక పడ్డట్టుందని గొణుగుతూనే ఉండేవారు. వాళ్లందరిలోకీ మొండిఘటం ఒక లెక్కల మాస్టారు. చుక్కల మందు కోసం వచ్చినప్పుడల్లా పరికరాల గది కిటికీ దగ్గర నిలబడి గోడు వెళ్లబోసుకునేవాడు. పెద్దమ్మ ఆయనకు ఇసుక మాస్టారని పేరు పెట్టింది.

"కొత్త చెప్పులు కరవవా మాస్టారూ? కొత్త చూపూ అంతే," అని సాగనంపి, వెనక నవ్వుకునేది.

చివరికి ఆవిడ కంటికే శుక్లం వచ్చింది. బల్లమీద పడుకోబెట్టి, రెప్పలు మూసుకోకుండా పట్టే తీగను ఎడమ కంటికి పెట్టారు. రెప్పలు చిరిగిపోతాయేమో అన్నంతగా లాగిందది. చూపు బ్రహ్మాండంగా వచ్చింది, దాని వెనకే ఇసుకా వచ్చింది.

పది రోజుల తర్వాత డాక్టరు పరీక్ష చేశాడు. "కన్ను పొడిబారింది పెద్దమ్మా. రెప్పల్ని మరీ సాగదీసినా ఇలా అవుతుంది. చాలామందికి నెమ్మదిగా సర్దుకుంటుందిలే. మన తీగలు ఎందుకో కాస్త బిగుతు," అన్నాడు.

ఎందుకో పెద్దమ్మకు తెలుసు. వదులు తీగ వెళ్తే తన పరువు పోతుందని, కడిగిన ప్రతిసారీ రెండు బొటనవేళ్లతో దాని కొమ్ములు విడదీసి బిగువు ఎక్కించేది ఆవిడే. చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నోరు విప్పితే ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. వచ్చే వారం కుడి కంటికీ ఆపరేషన్. తన వరకు ఒక మెత్తటి తీగ సర్దుకుని ఊరుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆవిడకు సిగ్గేసింది.

"బిగుతుగా ఉండటం కాదు డాక్టరుగారూ, నేనే బిగిస్తున్నాను," అంది.

డాక్టరు ఆ తీగలన్నీ పక్కన పడేయమన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకు.

మర్నాడు మాస్టారు కిటికీ దగ్గరకు రాగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన చేతిలోని చుక్కల సీసాను అటూ ఇటూ తిప్పాడు.

"అయితే నాది చాదస్తం కాదన్నమాట," అన్నాడు. "మూడు నెలలుగా ఇంట్లో ఒక్కరూ నమ్మలేదమ్మా. మా ఆవిడ ఆ బెంచీ మీదే ఉంది. కాస్త ఆవిడకు కూడా చెప్పండి."

పెద్దమ్మ చేతులు తుడుచుకుంది. బెంచీ దాకా పట్టుమని పదడుగులు లేవు. గోడు చెప్పుకోవడానికి రోగులు కిటికీ దగ్గరకు రావడమే గానీ, ఇన్నేళ్లలో ఆవిడ వాళ్ల దగ్గరకు నడవడం అదే మొదలు.