బోరు మోటరుకు రీచార్జి

మా ఇంట్లో రెండో సిమ్ కార్డు మనిషి కోసం కాదు, బోరు మోటరు కోసం తీసుకున్నాం. మా ఊరు లక్డారంలో మాకు పై మడి, కింది మడి కలిపి ఒక ఎకరం వరి పొలం ఉండేది. అమ్మానాయినలిద్దరూ పటాన్‌చెరులో మందుల కంపెనీకి పోయేవారు, నాయిన ప్యాకింగులో, అమ్మ క్యాంటీన్లో. నేను అక్కడే డిగ్రీ చదివేవాణ్ణి, కనీసం ఇంట్లో అలా నమ్మేవారు. కరెంటు వచ్చే వేళకు పొలం దగ్గర ఎవరూ ఉండేవారు కాదు.

మోటర్లు బాగుచేసే మేస్త్రీ ఒక పాత ఫోనుకు వైర్లు కలిపి స్టార్టర్ డబ్బాలో పెట్టాడు. ఫోను ఒకసారి వణికితే మోటరు నడుస్తుంది, మళ్లీ వణికితే ఆగుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నా దగ్గరే కాబట్టి, కాలేజీ నుంచి మిస్డ్ కాల్ ఇచ్చే ఉద్యోగం నాది. జీతం లేదు, తిట్లు మాత్రం సమయానికి అందేవి.

ఇక ఆ సిమ్ముకు ఏ ప్లాన్ వెయ్యాలన్నది మిగిలింది. రీచార్జి దుకాణానికి పోయాను.

"ఎవరికి తమ్మీ?" అన్నాడు దుకాణపు అన్న.

"మా మోటరుకు."

"ఎంతసేపు మాట్లాడతది?"

"మాట్లాడదన్నా. మా ఇంట్ల మాట్లాడనిది అదొక్కటే."

"అయితే చిన్నది ఏస్కో. నెలనెలా ఏస్తుండు, సిమ్ము బతికుంటది. మెసేజులు గుడ ఫ్రీ."

అన్నిట్లో చవకది కదా అని వేయించాను. ఆ ఫ్రీ మెసేజులు మనం పంపేవనుకున్నాను. సిమ్ము కంపెనీ కూడా పంపుతుందని అప్పుడు తట్టలేదు.

వరి పొట్ట మీద ఉండి, వెన్ను బయటికి రాబోయే రోజులవి. మా బోరు గంటసేపు నీళ్లు పోసి, ఆ తర్వాత గాలి కొట్టేది. అలాగే నడిస్తే మోటరు కాలిపోతుంది. దాన్ని పైకి లాగి బాగుచేయించేసరికి పంట గడ్డి అయిపోతుంది. సరిగ్గా అప్పుడే మోటరుకు పిచ్చి పట్టింది. నేను పెట్టాననుకున్నప్పుడు మడి ఎండి ఉండేది, బంద్ చేశాననుకున్నప్పుడు పైపు గాలి కక్కుతూ ఉండేది.

"ఎవనిదో కన్ను పడ్డది," అంది అమ్మ. స్టార్టర్ డబ్బాకు నిమ్మకాయ కట్టింది.

"నీ కొడుకు కన్నే. పోరిల దిక్కు సూసుకుంట ఒత్తిందే ఒత్తుతుండు," అన్నాడు నాయిన.

ఒక ఆదివారం డబ్బా తలుపు తెరిచి కూర్చున్నాను. నేనెవరికీ ఫోను చెయ్యలేదు. డబ్బాలో ఫోను దానంతటదే వణికింది, మోటరు నడిచింది. చూస్తే మెసేజు. కాలర్ ట్యూనుగా ప్రేమ పాట పెట్టుకోమని మోటరును బతిమాలుతోంది. కాసేపటికి, గడువు దగ్గర పడింది, రీచార్జి చేసుకోండని ఇంకొకటి. మోటరు ఆగింది. నిమ్మకాయ విప్పి ఇంటికి తెచ్చాను. పులిహోరకు పనికొచ్చింది.

మర్నాడు మళ్లీ దుకాణానికి పోయాను.

"అన్నా, మెసేజులు తక్కువొచ్చే ప్లాన్ ఏది?"

"అందరు ఎక్కువ అడుగుతరు, నువ్వేంది?" అని వెనక అర లోంచి దుమ్ము పట్టిన కార్డు తీశాడు. "ఏడాది గడువు. ఊకె రీచార్జి చేసుకోమని సతాయించరు. గని మాట్లాడెతందుకు పైస గుడ రాదు. గందుకే ఎవ్వడు కొనడు."

"నాకు గదే కావాలె. మరి పాటల మెసేజులు?"

"కంపెనీకి ఫోన్ జేసి వద్దని చెప్త. వారంల బందయితయి."

ఇంట్లో నాయిన ముఖం మాడ్చుకున్నాడు. "మాట్లాడనిదానికి గన్ని పైసలెందుకురా?"

"మోటరు కాలితే మేస్త్రీకి ఇంకా ఎక్కువ ఇస్తవ్ నాయినా."

ఆ మాటకు ఒప్పుకున్నాడు. అయితే రీచార్జి అయిందని చెప్పే మెసేజు కూడా మోటరును కదిలిస్తుంది. అందుకని నాయిన సెలవు పెట్టి పొలం దగ్గర నిలబడ్డాడు. మందుల కంపెనీ మధ్యాహ్నం షిఫ్టు సైరన్ పొలం దాకా వినిపిస్తుంది, అది మోగగానే నేను పటాన్‌చెరులో కార్డు గీకి నా ఫోను నుంచి మోటరు సిమ్ముకు నంబరు కొట్టాలి, అప్పటికి ఆయన డబ్బాలో ఫోను వైరు పీకి ఉంచాలి అని మా ఒప్పందం. సైరన్ మోగింది, కొట్టాను, వెంటనే బస్సెక్కాను.

వెళ్లేసరికి మోటరు నడుస్తోంది. నాయిన పార పట్టుకుని ఒడ్డు మీద ఉన్నాడు.

"వైరు పీకలేదా?"

"ఎందుకు పీకాలె? కరెంటుంది, బోరుల నీళ్లున్నయి. సిమ్ము కంపెనోడే మోటరు పెట్టిండు. మళ్ల ఆడే బంద్ జేసిండు, మళ్ల ఆడే పెట్టిండు. జెర తిక్కలోడే గని పని నేర్చుకుంటుండు."

పైపు గాలి కొట్టేదాకా అక్కడే కూర్చున్నాం. అప్పుడు నాయిన లేచి చేత్తో మోటరు బంద్ చేశాడు. ఆ వారమంతా వైరు పీకే ఉంచి, ఇద్దరం వంతులేసుకుని పొలానికి పోయి తడులిచ్చాం. తర్వాత మెసేజులు ఆగాయి. మోటరు కాలలేదు. కింది మడి నిండా గింజ పట్టింది. పై మడి సగమే పండింది, దాన్ని అమ్మ ఇప్పటికీ నా లెక్కలోనే వేస్తుంది.