మా వియ్యపురాలి ఐదో గడి

సరిగ్గా పందొమ్మిది రోజుల కింద, బుధవారం ఉదయం ఆరుంబావుకు, మంచిర్యాల నుంచి మా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తమ్మా, అవ్వ లేస్తలేదు" అన్నాడు. గట్టిగా లేపి చూడమన్నాను. మళ్లీ అదే మాట అన్నాడు. అతని తల్లి, మా వియ్యపురాలు, నిద్రలోనే పోయింది. ఆమెకు యాభై ఐదేళ్లు, నాకు అరవై ఆరు. ఏ పనీ వేళకు చేయని మనిషి ఈ ఒక్క పనికి మాత్రం ఇంత తొందరపడింది. ఎందుకని అడుగుదామంటే ఎదురుగా లేదు.

మా దిక్కు పిల్లనిచ్చినవాళ్లు ఒక మెట్టు కింద నిలబడాలి. పిల్లగాని తల్లి గడప తొక్కితే కాళ్లకు నీళ్లివ్వాలి, పోయేటప్పుడు చీర పెట్టాలి, మాటకు మాట అనకూడదు. నేను ఆమెను మూడేళ్లు తిట్టాను. హోంవర్కు చేయలేదని తిట్టాను. ఈ సంగతి తెలిసి మా బంధువులు ముక్కున వేలేసుకున్నారు. ఆమె మాత్రం నేలమీద బాసింపట్టు వేసుకుని, పెన్ను జడలో గుచ్చుకుని, "తిట్టు వదినె, నువ్వు తిడితెనే జర నిద్ర తేలుతది" అనేది.

ఆమె మంచిర్యాలలో ఆడవాళ్ల సహాయ కేంద్రంలో పనిచేసేది. పేరుకు సహాయకురాలు. తలుపు తీయడం, మంచినీళ్లివ్వడం, వచ్చినవాళ్ల పేర్లు రాయించడం ఆమె పని. బీడీలు చుట్టే ఆడవాళ్లు, దుబాయికి పోయిన భర్త జాడ తెలియనివాళ్లు, దెబ్బలు తిని పిల్లను చంకనేసుకుని వచ్చినవాళ్లు ఆ తలుపు తట్టేవారు. మాట్లాడవలసింది కౌన్సెలర్. పెద్ద చదువు చదివిన పిల్లలు ఆ కుర్చీలోకి వచ్చేవారు, ఏడాది తిరగకుండా పోయేవారు. ఎదుటి మనిషి ఏడుపు మొదలుపెట్టగానే వాళ్లు తలుపు వైపు చూసి, "అక్కా, జర నువ్వు మాట్లాడరాదు" అనేవారట. ఇట్లా పదకొండేళ్లు గడిచాయి. చివరికి పైఆఫీసువాళ్లే అన్నారు, సంఘసేవలో పీజీ ఉంటే ఆ కుర్చీ నీకే ఇస్తామని. యాభయ్యో ఏట ఆమె దూరవిద్యలో ఎం.ఎస్.డబ్ల్యు.లో చేరింది.

నెలకు రెండు ఆదివారాలు కరీంనగర్‌లో తరగతులు. శనివారం సాయంత్రం వచ్చి మా ఇంట్లో ఉండేది. నేను ముప్పైనాలుగేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని. వచ్చినవాళ్ల రాక, పోక క్యాలెండర్ మీద గుర్తుపెట్టే అలవాటు నాకుంది. కోర్సు ఉన్నన్నాళ్లు ఆమె యాభై నాలుగు శనివారాలు వచ్చింది. చెప్పిన ఆరున్నర బస్సులో దిగింది నాలుగుసార్లు. తక్కినప్పుడల్లా ఒక కథ.

"పక్కసీటుల ఆమె ఒకటే ఏడుపు వదినె. పెద్దపల్లి కాడ దింపి చాయ తాగిపిచ్చిన."

"ఆమె ఎవరు?"

"ఎవరో నాకేం తెల్సు."

"రేపు పొద్దున పరీక్ష ఉంది కదా."

"పరీక్ష రేపు గదా. ఆమె ఇయ్యాల ఏడ్చె."

ఇటువంటి మనిషికి చదువు చెప్పడం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. సంఘసేవకుల లక్షణాలు పాయింట్లుగా రాయమంటే ఎవరో లక్ష్మమ్మ కథ నాలుగు పేజీలు రాసేది. అదీ సగంలో ఆపేసేది, తర్వాత ఏమైందో తనకూ తెలియదు కాబట్టి. అయినా చదువు ఆమెకు ఏమీ ఇవ్వలేదని నేననను. ఒకరోజు తరగతి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుంది. "ఇన్నేండ్లు తప్పు జేసిన వదినె" అంది. "వచ్చినోళ్లకల్లా వాన్ని ఇడిసిపెట్టు, అవ్వగారింటికి పో అని నేనే దారి చూపెట్టిన. సారు ఏమన్నడంటె, దారి ఆమెది, నువ్వు ఎంబడి నడువు అన్నడు." ఆ తర్వాత ఆమె పద్ధతి మారింది. సలహా ఇవ్వడం మానేసింది. సంచిలో ఎప్పుడూ చిక్కుడుకాయలో బఠాణీలో ఉండేవి. ఏడుస్తూ వచ్చినామె ముందు ఒక పళ్లెం పెట్టి, తానూ ఎదురుగా కూర్చుని ఈనెలు తీసేది. "చేతికి పని దొరికితె నోరు దానంతట అదే తెరుసుకుంటది" అనేది. ఆ ఆఫీసులో వాళ్లందరి ఇళ్లలో ఎప్పుడూ చిక్కుడుకాయ కూరేనని మా అల్లుడు నవ్వేవాడు.

అసలు తంటా రికార్డుతో వచ్చింది. చివరి ఏడాదిలో పదకొండు కేసులు తీసుకుని, ఒక్కొక్కదానికి పేజీలు రాసి, పరీక్షకు వచ్చే సారుకు చూపించాలి. ప్రతి పేజీకి ఐదు గడులు. తేదీ, మనిషి, సమస్య, చేసిన పని, చివరిది ముగింపు తేదీ. ఆమె రాత కోడిగీతలు. అందుకని చిత్తుప్రతి చూసి శుభ్రంగా ఎత్తిరాసే పని నేను పెట్టుకున్నాను. స్కేలుతో గీతలు కొట్టాను. నాలుగు గడులూ నిండాయి. ఐదోది పదకొండు కేసుల్లోనూ ఖాళీ.

"ముగింపు తేదీలేవి?" అన్నాను.

"ఒక్కటి సుత ఒడువలే వదినె. అన్ని ఇంక నడుస్తనే ఉన్నయ్."

"పరీక్ష ఎల్లుండి. ఏదో ఒకటి రాయాలి కదా."

"ఎట్ల రాయాలె? దుబాయి ఆమెకు పెనిమిటి జాడ దొరకనే లేదాయె. మనిషి బాధ నీ గడికి సూసి ఒడుస్తదా?"

అలా అని ఆమె పడుకుంది. నేను పడుకోలేదు. ఆ కుర్చీ అప్పటికి ఖాళీగా ఉంది, పాసైన కాగితం చూపిస్తే వారంలో ఆమెది. ఒక్క ఖాళీ గడి వల్ల అది పోతుందని నాకు భయం. ముప్పైనాలుగేళ్లలో హాజరు పట్టీలో ఒక్క గుర్తు అటూ ఇటూ చేయనిదాన్ని, ఆ రాత్రి పెన్ను తీసి పదకొండు గడుల్లోనూ పదకొండు తేదీలు వేశాను. అనుమానం రాకుండా ఆదివారాలు తప్పించి మరీ వేశాను. ఆమెకు చెప్పలేదు.

పరీక్షలో జరిగింది ఆమె నోటితోనే విన్నాను. సారు రికార్డు తిప్పి, "చాలా నీటుగా ఉందమ్మా. ఈ దుబాయి కేసు ఎట్ల ముగిసింది?" అని అడిగారట.

"ముగియలే సార్. ఆమె నిన్న సుత ఫోన్ చేసింది."

"మరి ఈ తేదీ?"

"గది మా వదినె ఏసినట్టున్నది సార్. లెక్కల టీచర్. ఖాళీ గడి కనవడితె పానం ఆగది ఆమెకు."

అక్కడున్నవాళ్లంతా నవ్వారట. నవ్వి, రికార్డు తిప్పి పంపారు. మళ్లీ ఏడాదికిగాని పరీక్ష లేదు. కుర్చీలోకి ఎక్కడినుంచో ఇరవై ఆరేళ్ల పిల్ల వచ్చి కూర్చుంది.

"నా సంగతి ఎందుకు తీశావు? అవునని తలూపితే పోయేది కదా" అన్నాను.

"నీ బడిపిల్లలకు గిదే చెప్పినవా?"

"నువ్వు బడిపిల్లవా?"

"నీ ముందట అందరం బడిపిల్లలమే వదినె."

ఆమెకు కోపం రాలేదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. రెండు నెలలు నేను మాట్లాడలేదు. తరగతులు లేవు, రావలసిన పని లేదు. అయినా శనివారం శనివారం దిగేది. నేను వంటింట్లో మొహం అటు తిప్పుకుని కూర్చుంటే, నా ముందు పళ్లెంలో చిక్కుడుకాయలు పోసి తానూ కూర్చునేది. ఆమె ఏమీ అడగలేదు. అట్లా ఎనిమిదో శనివారమో ఏమో, నా నోరు దానంతట అదే తెరుచుకుంది. డిగ్రీ అయ్యాక నాకు ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మా బాపు వద్దన్నాడు, టీచరు ఉద్యోగం చాలన్నాడు. ఎవరైనా అడిగితే అవసరం లేకపోయిందని చెప్పుకుంటూ వచ్చాను. సీటు వచ్చిన కాగితం మాత్రం నా ట్రంకుపెట్టె అడుగున ఇప్పటికీ ఉంది. ఇది నా భర్తకు కూడా చెప్పలేదు. చెప్పినంతసేపూ ఆమె తలెత్తలేదు. అయిపోయాక, "ఈ కాయలు ముదిరినయ్ వదినె" అని పక్కకు పెట్టింది. అంతే. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఆ ఏడాదంతా, తనకు దక్కవలసిన కుర్చీలో కూర్చున్న పిల్లకు ఆమే పని నేర్పింది. తిట్టాను. "ఆమె నేర్సుకుంటె వచ్చెటోళ్లకు మంచిదే గదా" అంది. మరుసటి పరీక్షకు రికార్డు తనే రాసుకుంది. గీతలు వంకర, రాత వంకర, ఐదో గడిలో పదకొండుసార్లు ఒకటే మాట, "ఒడువలే". సారు మార్కులు తగ్గించి పాస్ చేశారు. ఆ పిల్లకు వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. యాభై మూడేళ్లు దాటాక మా వియ్యపురాలు కౌన్సెలర్ కుర్చీలో కూర్చుంది. పద్నాలుగు నెలలు కూర్చుంది. నేను ఆ తేదీలు వేయకపోతే ఇరవై ఆరు నెలలు కూర్చునేది. ఈ తీసివేత నాకు వచ్చు. ఆమె ఎప్పుడూ చేయలేదు.

పాసైన తర్వాత కూడా శనివారాలు ఆగలేదు. "ఇంకేం చదువుందని వస్తున్నావు?" అని కసురుకునేదాన్ని. "బస్సుకు అలవాటైంది వదినె" అనేది. ఆలస్యంగానే వచ్చేది.

పదకొండో రోజు దినం అయిపోయాక మా అల్లుడు ఒక నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆఫీసు ఫైళ్లు ఆఫీసుకు పోయాయి, ఇది ఇంట్లో చాప కింద దొరికిందట. "మీ గురించే ఉన్నది అత్తమ్మా, మీరే ఉంచుకోండ్రి" అన్నాడు. తెరిస్తే అవే ఐదు గడులు, ఎప్పటిలాగే స్కేలు లేకుండా. మనిషి అన్నచోట "శనివారం వదినె" అని ఉంది. సమస్య అన్నచోట, "అందరికీ చెప్తది. ఈమెను ఎవ్వరు అడుగరు" అని ఉంది. కింద తేదీలు. ప్రతి తేదీ పక్కన చేసిన పని. "చిక్కుడుకాయలు. కోపంగ ఉన్నది. కూసున్న." "చిక్కుడుకాయలు. ఎమ్మెస్సీ కాగితం సంగతి చెప్పింది. విన్న." "బెండకాయలు. ఏం చెప్పలే. కూసున్న." చివరి తేదీ ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందటి శనివారం. ఒక్క తేదీ కూడా తప్పలేదు. నా క్యాలెండర్‌తో సరిచూశాను.

నన్ను కేసు చేసింది. నా ఇంట్లో, నా అన్నం తిని, నాకు చెప్పకుండా నన్ను కేసు చేసింది. బతికి ఉంటే ఆ రోజు నా చేతిలో మామూలుగా అయ్యేది కాదు.

మొన్న శనివారం సాయంత్రం ఆరున్నరకు చిక్కుడుకాయలు ముందు పోసుకుని వంటింట్లో కూర్చున్నాను. ఎనిమిదింటిదాకా కూర్చున్నాను, ఆమెది ఆలస్యపు బస్సు కదా. తర్వాత ఆ నోటుబుక్కు తీసి, వంకర గీతలు స్కేలు పెట్టి సరిచేశాను. చివరి తేదీ కింద మొన్నటి తేదీ వేశాను. పక్కన "చిక్కుడుకాయలు. కూర్చున్నాను" అని రాశాను. పెన్ను ఐదో గడి దాకా వచ్చింది. అక్కడ మూత పెట్టేశాను.