నా ఇరవై, ఆయన తొంభై

తాండూరు బస్టాండులో బస్సు వెనక్కి తీసేటప్పుడు వచ్చే బీప్ బీప్ చప్పుడుకు, అలారం ఆపే మీట నొక్కాలన్నట్టు ఇప్పటికీ నా చెయ్యి ముందుకు పోతుంది. వెంటనే సామేలు సార్ గుర్తొస్తారు. ఆయన గురించి ఒకరు నన్నొక ప్రశ్న అడిగారు. జవాబు తెలిసీ చెప్పలేదు.

ఇక్కడికి దగ్గర్లోని ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూంలో మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. బట్టీ ఆయన చూసేవారు, మిల్లులు నేను. పని నేర్పింది ఆయనే. అలారాలు ఒకదాని మీద ఒకటి మోగి నాకు చెమటలు పడుతుంటే, తన తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగేవారు: "నర్సింలూ, పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఉప్మా సార్" అని వెంటనే అంటే ఊరుకునేవారు. తడుముకుంటే మాత్రం, "రెండో మిల్లు ఇటియ్యి" అని దాన్ని తన తెర మీదికి తీసుకునేవారు.

"నేను చూస్కుంట సార్."

"తిన్నదే యాదికొస్తలేదు, గంత పెద్ద మిల్లు ఏం చూస్తవ్ ర? ఇటియ్యి."

మనిషి బుర్ర ఎంత నిండిందో ఆయన కొలిచే పద్ధతి అది.

ఒకసారి అదే కొలవడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చారు. రెండు రోజులు మా వెనక కూర్చుని, చివర్లో కాగితాలిచ్చారు. పని మీ మనసు మీద ఎంత భారం వేస్తోంది? సున్నా నుంచి వంద లోపు రాయాలి. ఎక్కువ రాస్తే చేతకాదని ఒప్పుకున్నట్టే అనుకునేవాళ్లం. సార్ తొంభై రాశారు. నేను ఇరవై రాశాను.

మేడం నన్ను పక్కకు పిలిచారు. "ఒకే బల్ల దగ్గర ఇంత తేడా ఎందుకండీ?"

అద్దం అవతల సార్ కనిపిస్తున్నారు. నా మిల్లు అప్పుడు కూడా ఆయన తెర మీదే ఉంది. నా వంతు ఆయన మోస్తున్నందుకే నా పని తేలిక. అది చెబితే, ఎన్నాళ్లుగానో ఆశపడుతున్న షిఫ్టు ఇన్‌చార్జి పదవి నాకు రాదు.

"సార్‌కు వయసైంది కద మేడం" అన్నాను. ఆమె రాసుకున్నారు.

నెల తిరగకుండానే సార్‌ను లారీల తూకం దగ్గరికి మార్చారు. టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, "ఇగ తెరలన్నీ నీవే. పైలం" అని జాగ్రత్త చెప్పారు. ఎవరేం చెప్పారో అడగలేదు.

వారం గడిచిందో లేదో, ఒక మధ్యాహ్నం అలారాలన్నీ ఒక్కసారే మోగాయి. ఏం తిన్నావని అడిగేవారు లేరు. నేను చూడాల్సిన తెర వదిలేసి మరోదాని వెంట పడ్డాను. బట్టీ ఆగిపోయింది. ఆ రోజెవరైనా కాగితం ఇచ్చి ఉంటే వంద రాసేవాణ్ణి.

సార్ రిటైరయ్యి వికారాబాద్‌లో ఉంటున్నారు. పోయిన నెల రైలెక్కి వెళ్లాను. వరండాలో కూర్చుని ఉన్నారు. నేను నిలబడే చెప్పాను: "సార్, మీరు మోసినందుకే నాది ఇరవై. మేడం అడిగితే గా మాట చెప్పలె. మీకు వయసైందన్న. తప్పు నాదే. మాఫ్ చెయ్యుండ్రి."

ఆయన తలెత్తి నన్ను చూశారు. తర్వాత, "పొద్దుగాల ఏం తిన్నవ్ నర్సింలూ?" అన్నారు.

ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. ఆయన ఎదురుగా ఉన్న కుర్చీని తన పక్కకు లాగారు.

"కూసో."