పెయ్య ఎవరిది, ఎక్కడుంది?

పశువులకు సూదులు వేసే విలాస్ మంచు డబ్బాను ఆఫీసు బల్ల మీద ధన్‌మని పెట్టాడు. ఆ బరువు చప్పుడుకే సింధూజకు తెలిసిపోయింది, మందు సగం కూడా ఖర్చు కాలేదని.

"ఏమైందిరా? మనుషులు దొరకలేదా?" అన్నాడు సంఘం సెక్రటరీ వెంకటేశ్వర్.

"మనుషులు దొరికిండ్రు సార్, పశువులే దొరకలె. అంకిస ఊళ్లె ఏ కొట్టం చూసినా కాయిదంల ఉన్నదాంట్ల సగమే ఉన్నయి. అడవిల ఊరికి పోతే ఉల్టా. కొట్టాల నిండ పశువులు, కాయిదంల పేర్లే లేవు. పేరు లేనిదానికి సూది ఎయ్యొద్దని మీరే అంటిరి."

"అయితే అంకిసోళ్లు దాచిపెట్టిండ్రు. కంప్యూటర్ అబద్ధం చెప్తదా?"

సింధూజ స్క్రీన్ వైపు తిరిగింది. ఆ కంప్యూటర్ చెప్పేదంతా ఆమె నేర్పిందే మరి.

చంద్రపూర్‌లో బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, 2006లో సిరోంచకు తిరిగొచ్చి ఈ పశుపోషకుల సంఘంలో చేరింది సింధూజ. ఊళ్లోవాళ్లు ఆమె టైపు కొడుతుందనుకుంటారు. నిజానికి ఆమె చేసేది వేరు. డేటాబేస్‌లోని టేబుళ్లు జిల్లా నుంచి తయారై వచ్చాయి. మనుషులకొకటి, పశువులకొకటి, వేసిన సూదులకొకటి, సంతలో అమ్ముడై ఇల్లు మారే పశువుల రాకపోకలకొకటి. జిల్లాలోని సంఘాలన్నీ అవే వాడాలి, ఒక్క గడి కూడా మార్చొద్దు అన్నారు. సరే అని ఆమె వాటి పైన తన అంతస్తు కట్టుకుంది. నాలుగు టేబుళ్లలో ముక్కలై పడున్న వివరాలను ఏరి తెచ్చి, ఒక్క పశువుగా నిలబెట్టే ఆబ్జెక్ట్ అనే ప్రోగ్రాం ముక్క రాసింది. "నీ ఊరేది?" అని దాన్ని అడిగితే చాలు. అదే పోయి యజమాని ఎవరో చూసి, ఆ యజమాని ఊరు వెతికి పట్టుకొస్తుంది. అడిగినవాళ్లకు టేబుళ్ల గొడవే ఉండదు! అది మొదటిసారి నడిచిన రోజు ఎవరికైనా చెప్పుకోవాలని ఆమెకు ఒకటే ఆరాటం. చివరికి తల్లి యాదక్కకు చెప్పింది. యాదక్క అంతా విని, "మంచిగున్నది బిడ్డా, ఇగ అన్నం తిను" అంది.

ఇప్పుడు అదే అంతస్తు ఎక్కడో కూలింది. తొలి వానలతో పాటే గొంతువాపు రోగం వస్తుంది, ఈ సూదులు దానికే. రెండు రోజుల్లో పశువు పోతుంది. వాన పడితే అడవి ఊరి దారిలోని వాగు పొంగుతుంది, ఇక విలాస్ బండి అటు పోలేదు. ప్రాణహిత మీద అప్పటికే మబ్బులు తిరుగుతున్నాయి.

సాయంత్రం ఇంటికి రాగానే యాదక్క అడిగింది. "విలాస్ అడవి దిక్కు పోయిండట గదా. మన నల్లపెయ్యకు సూది పడ్డదా?"

సింధూజ చెప్పు విడుస్తూ అలాగే నిలబడిపోయింది. నల్లపెయ్య అడవి ఊళ్లో భీమక్క దగ్గరుంది. వాటాకు ఇచ్చారు. సిరోంచ, అంకిస లాంటి నదుల వెంబడి ఊళ్లవాళ్లకు గడ్డి తక్కువ, అడవి ఊళ్లవాళ్లకు మేత ఎక్కువ. అందుకని పశువును అటు తోలుతారు. ఈనితే మొదటి దూడ మేపినవాళ్లది, రెండోది ఇచ్చినవాళ్లది. చిన్నప్పటినుంచి ఆమె చూస్తున్న సంగతే. అయినా కంప్యూటర్ ముందు కూర్చునేసరికి పశువు యజమాని ఇంట్లోనే ఉంటుందని రాసేసింది. తమ పెయ్యను కూడా తన చేత్తోనే సిరోంచలో కట్టేసింది!

"అమ్మా, అంకిసోళ్లు ఏం దాచలె. నేనే దాచిన" అంది.

"ఏంది దాచినవు? ముందుగాల కాళ్లు కడుక్కో."

మర్నాడు వెంకటేశ్వర్ విని నవ్వేశాడు. "గింతేనా? యజమాని పేరు తీసి భీమక్క పేరు రాయి. పది నిమిషాల పని. దానికింత పరేషాన్ ఎందుకు?"

పని తొందరగా అయ్యే మాటే. కానీ భీమక్కను అడగకుండా రాయడం సింధూజకు సరిగా అనిపించలేదు. అది సంత రోజు కావడంతో ఇప్పపువ్వు అమ్మడానికి భీమక్క సిరోంచకు వచ్చింది. సింధూజ ఆమెను వెతికి పట్టుకుని అడిగింది. "అత్తా, పెయ్యను నీ పేరు మీద రాస్తే సూది పడ్తది. రాయాల్నా?"

భీమక్క గంప దించి ఆమెను ఎగాదిగా చూసింది. "నీకేమన్న పిచ్చి లేసిందా పిల్లా? రేపు ఎవడో అది చదివి భీమక్క యాదక్క పెయ్యను మింగిందంటడు. ఆ మాట పడ్డంక మాకు పశువు ఇచ్చేటోడు ఉంటడా?"

"రాయకుంటే సూది పడది అత్తా."

"మరి చదువుకున్నవు గదా! జర ఏదన్న చెయ్యి. వాన ఆగది."

సింధూజ ఆఫీసుకు పరుగులాంటి నడకతో వచ్చి కూర్చుంది. పశువును రెండు ప్రశ్నలు అడగాలి. నువ్వు ఎవరిదానివి? నువ్వు ఎక్కడున్నావు? ఇన్నాళ్లూ ఆమె రెండింటికీ ఒకే జవాబు చెప్పించింది. మొదటిదాని జవాబు ఉన్నచోటే ఉండనీ. రెండోదానికి రాకపోకల టేబుల్ ఉండనే ఉంది! ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి, ఏ తేదీ, ఏ కారణం. అన్నీ ఉన్నాయి. కారణం గడిలో ఇప్పటిదాకా "అమ్మకం" అనే రాస్తున్నారు. అక్కడ "వాటా" అని రాస్తే? పశువు తన చివరి రాకపోక చూసుకుని ఉండే ఇల్లు చెబుతుంది. రాకపోకే లేకపోతే యజమాని ఇల్లే చెబుతుంది.

"జిల్లా టేబుల్ను గెలికితివా?" వెంకటేశ్వర్ భయంగా అడిగాడు.

"ఒక్క గడి మార్చలె సార్. ఉన్న గడిలనే ఉన్నమాట రాస్తున్న."

విలాస్ అంకిసలో మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. ఏ పశువు ఎవరి దగ్గర మేస్తుందో కనుక్కొచ్చాడు. అవన్నీ ఎక్కించి కొత్త జాబితా తీసి, ఈసారి అడవి ఊరికి అతని బండి వెనక సింధూజ కూడా ఎక్కింది.

అడవి ఊళ్లో ఆమె పేర్లు చదువుతుంటే జనం ఒక్కొక్కటే తోలుకొచ్చారు. ఎర్రెద్దు పేరు రాగానే రాజుబాయి అనే ముసలామె అడ్డుపడింది. "అది లేదు బిడ్డా. దుక్కి కోసమని ఇయ్యాల పొద్దుగాలనే అంకిసకు తోలిచ్చినం."

"చూస్తివా అక్కా, నీ కంప్యూటర్ మల్ల అబద్ధం!" విలాస్ పగలబడి నవ్వాడు.

"అబద్ధం కాదు, నిన్నటి మాట. పోయి ఇంకో వరుస రాస్తే అయిపాయె" అంది సింధూజ, తను కూడా నవ్వుతూ. "అంకిసల ఆగి దానికి సూది ఎయ్యి."

నల్లపెయ్య మాత్రం విలాస్‌ను దగ్గరికి రానివ్వలేదు. రెండుసార్లు తన్నబోయింది. భీమక్క దాని మెడ చుట్టూ చెయ్యేసి చెవిలో గోండిలో ఏదో చెప్పింది. పెయ్య చెవులు రిక్కించి నిలబడింది. సూది దిగింది. నెత్తిన టపటపా నాలుగు చినుకులు పడ్డాయి.

"ఇగ ఉరుకుండ్రి, వాగు దాటుండ్రి" అంటూ భీమక్క పెయ్యను కొట్టంలోకి తోలింది.