మందు పోయని వరస

నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో, రెండో అంతస్తులో మా వ్యవసాయ పత్రిక ఆఫీసు. రైతుల ప్రశ్నలకు జవాబులు రాసే పని నాది. బాటనీ డిగ్రీ ఉంది, సెంటు పొలం లేదు. తెలియని సంగతులకు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలే దిక్కు. జవాబులు మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాగలి పట్టినవాడిలా రాసేవాణ్ణి.

ఒక నర్సరీ రైతు జామాయిల్ మొక్కల ఫొటో వాట్సాప్‌లో పంపాడు. వేళ్లకు తెల్లటి బూజు పట్టింది, ఏం చేయాలని అడిగాడు. టీ చల్లారేలోపే జవాబు రాసేశాను. అది తెగులు, బూజు చంపే మందు మొదళ్లలో పోయండని.

రెండు నెలల తర్వాత ఆయనే చేతిసంచితో వచ్చాడు. నడివయసు మనిషి. నా బల్ల మీది ప్రూఫులు పక్కకు జరిపి రెండు మొక్కలు పెట్టాడు. ఒకటి జానెడు లేదు, ఆకులు పసుపు. రెండోది మూరెడు, నిగనిగలాడుతోంది. దాని కవరు చింపి మట్టి దులిపాడు. వేళ్ల నిండా ఫొటోలో చూసిన తెల్లటి దారాలే. మందు చాలక ఒక్క వరస వదిలేశాడట. ఎదిగింది ఆ వరసే.

“గది తెగులైతే గిది ఎట్ల బతికింది సార్?” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ బూజు మట్టిలో దూరందూరం పాకి వేరుకు నీళ్లు, భాస్వరం తెచ్చిస్తుంది. చెట్టు దానికి చక్కెర పెడుతుంది. డిగ్రీ రికార్డులో రంగు పెన్సిళ్లతో ఈ బొమ్మ వేసి మంచి మార్కులు కొట్టాను. అసలుదాన్ని చూడటం ఇదే మొదటిసారి. సిగ్గేసింది. తప్పు నాదేనని చెప్పి, పాత జామాయిల్ తోటలో చెట్ల కింది మట్టి తెచ్చి కలిపి చూడమన్నాను.

ఆయన చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

“మా నాయన ఏటా గట్లనే కలుపుతడు సార్. గా బూజు ఆయన తెచ్చిందే. ముట్టొద్దన్నడు, నేనే ఇనలే. మందు పోసిన కాడి సంది నాతోని మాట్లాడుతలేడు. మీరన్న మాటే జర కాగితం మీద రాసియ్యిన్రి.”

పెద్దాయన చెప్పిందే నిజమనీ, నేను రాసింది తప్పనీ రాసి సంతకం చేశాను. ఆఫీసు ముద్ర కూడా వేయమన్నాడు. వేశాను.