చుట్టకు పనికొచ్చిన నవల

యుద్ధం రోజుల్లో మాచర్ల రైల్లో, కుర్రాళ్ల కోసం రాసిన ఒక నవల చదువుతున్నాను. ఓ అనాథ కష్టాలుపడి పెద్దవాడయ్యే కథ. ఆ అనాథ నేనేనన్నట్టు కళ్లు తుడుచుకుంటున్నాను.

"ఏందబ్బాయా ఆ ఏడుపు?" అన్నాడు ఎదుట కూర్చున్న పెద్దమనిషి. కథ చెప్పాను.

"చివర్న వాడు జమీందారు కొడుకని తేలుద్దిలే" అంటూ పుస్తకం లాక్కుని ఆఖరి కాగితం చింపాడు. అగ్గిపెట్టెలు దొరకని కాలం. పక్కాయన చుట్ట వెలుగుతోంది కానీ, దానికి తన చుట్ట ఆనిస్తే ఎంగిలి. అందుకని కాగితాన్ని మెలిపెట్టి, ఆ నిప్పుకు అంటించి, చుట్ట వెలిగించుకున్నాడు.

"నా పుస్తకం!" అని అరిచాను.

"కథ అయిపోయిందిగా, ఇంకెందుకు?"

తర్వాత మరో ప్రతిలో చూశాను. జమీందారు కొడుకే! మా తరగతిలో అందరం పెద్దవాళ్లమయ్యాం, ఒక్కడికీ జమీందారు నాన్న దొరకలేదు. ఆ నవల ఎవడి బతుకులోనైనా వెలిగించింది ఉంటే, అది ఆ చుట్టే.