జరగని తప్పును పట్టుకున్న తాళాలక్క

ఆఫీసులో ఆమెను అందరూ తాళాలక్క అంటారు. ఎప్పుడు చూసినా ప్రోగ్రాంలోని లాకుల గొడవే మాట్లాడుతుందని వెక్కిరింతగా పెట్టిన పేరే. ఆమె ఉడుక్కోకపోవడంతో అదే ఖాయమైపోయింది. అంబులెన్సులను పంపే ప్రోగ్రాం ఆమె టీంది. నెలకో రెణ్ణెల్లకో అది ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ఫోన్లు మోగుతూనే ఉండేవి, బండి కదిలేది కాదు. "ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరి" అని చేతులు దులుపుకునేవాడు మేనేజరు. ఆమెకు ఒళ్లు మండేది.

ప్రోగ్రాంలో ఒక పని ఇంకే పనీ ముట్టకుండా ఫోన్ల జాబితాకు లాక్ వేసుకుని బండ్ల జాబితా కోసం కాచుకుంటుంది. అదే క్షణాన ఇంకో పని బండ్లకు లాక్ వేసుకుని ఫోన్ల కోసం కాచుకుంటే, ఇక రెండూ కదలవు. కంప్యూటర్ అట్టడుగున పనిచేసే కెర్నెల్‌లో దీనికో తనిఖీ కోడ్ ఉంది. ఏ లాక్ తర్వాత ఏది వేశారో గుర్తుపెట్టుకుని, వరస ఒక్కసారి తిరగబడినా, ఏదీ బిగుసుకోకముందే అరుస్తుంది. అది కెర్నెల్‌కే గాని మామూలు ప్రోగ్రాంలకు పనికిరాదన్నారు. ఎవరన్నారంటే, ఎన్నడూ ప్రయత్నించని వాళ్లే. ఆమె మూడు వారాలు మంకుపట్టు పట్టి, ఆ కోడ్‌ను విడదీసి తెచ్చి తమ ప్రోగ్రాంకు తగిలించింది.

కొత్త వెర్షన్ వెళ్లాల్సిన రోజు పొద్దున్నే అది అరిచింది. ఏ లైనో చూస్తే ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆరేళ్ల కిందట ఆ లైను రాసింది తనే. ఇన్నాళ్లూ పక్కవాళ్ల కోడ్‌ మీద దుమ్మెత్తిపోసింది.

ఆమె ఆ లైను చూపించగానే మేనేజరు గొంతు తగ్గించాడు. "బయటపడితే పోయేది మీ పరువేనమ్మా. అయినా ఇప్పుడేం బిగుసుకోలేదుగా? జరగని తప్పుకి ఇంత గోలేంటి? ఆ తనిఖీ తీసేసి విడుదలకు సంతకం పెట్టండి."

"పెట్టను."

"పెట్టకపోతే టీం మీ చేతిలో ఉండదు."

"పోతే పోయింది. బండి కోసం చూసేవాళ్లకి మీరు చెప్తారా, మళ్లీ ఆన్ చేస్తున్నాం, కాస్త ఊపిరి బిగబట్టుకోండని?"

విడుదల ఆపాననీ, తప్పు తనదేననీ లైను నంబరుతో సహా అందరికీ మెయిల్ కొట్టింది. సాయంత్రానికి ఆ లైను సరిచేసింది. ఈలోపే టీం పక్క సీటాయన చేతికి వెళ్లింది. ఆయన నసుగుతూ వచ్చాడు.

"అక్కా, ఆ తనిఖీ తీసేయమంటున్నారు."

"తీసెయ్. ఎందుకు తీశావో రాసి, కింద నీ పేరు పెట్టు."

ఆయన ఆ మాటే మేనేజరుకు చెప్పాడు. మేనేజరు పైవాళ్లకు చెప్పాడు. ఏడాది దాటింది, పేరు పెట్టేవాడు ఇంకా దొరకలేదు. తనిఖీ నడుస్తూనే ఉంది.